కంచికి చేరని కథ: తప్పిపోయిన కుమారుని ఉపమానమునకు క్రొత్త ముగింపులు వ్రాయుటను గూర్చి

లూకా సువార్త 15వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మూడవ ఉపమానము పూర్తికాక మునుపే ఆగిపోవుచున్నది. చిన్న కుమారుడు తిరిగి వచ్చెను. విందు జరుగుచున్నది. పెద్ద కుమారుడు కోపముతో బయట నిలిచెను. తండ్రి వెలుపలికి వచ్చి బతిమాలెను. పెద్దవాడు లోపలికి వెళ్లెనా లేదా అనునది మాత్రము లూకా చెప్పలేదు. కథ కంచికి, మనము ఇంటికి అనుకొని లేచుటకు అలవాటుపడిన తెలుగు శ్రోతకు ఇది ఇబ్బందికరమైన చోటు. ఇక్కడ కథయు కంచికి పోలేదు, పెద్ద కుమారుడును ఇంటిలోనికి పోలేదు.

అందువలన బోధకులును యువజనులును ఆ ముగింపును తామే సమకూర్చుచున్నారు. భీమ్‌గల్, ఆర్మూర్, బాల్కొండ ప్రాంతపు సంఘములలో క్రిస్మస్ నాటికగాను, యువజన కూడికలలోను ఈ ఉపమానము ఆడబడినంతగా మరియొకటి ఆడబడుట మేము చూడలేదు. ఆ ముగింపులను సాహిత్య విమర్శ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. అట్టివి వ్రాయకూడదనుట మా అభిప్రాయము కాదు. ముగింపు వ్రాయ పూనుకొన్నవాడు కథను మరల మరల చదువక తప్పదు. పరీక్ష కొరకు వ్యాఖ్యాన గ్రంథములు తిరుగవేసిన విద్యార్థికంటె, నాటికకు ఆఖరి రంగము వ్రాయుటకు కూర్చున్న పదవ తరగతి పిల్లవాడు 25వ వచనమును ఎక్కువ శ్రద్ధగా చదువుట మేమెరుగుదుము. ప్రశ్న ఏమనగా, ముగింపును ఏ పనిముట్లతో కట్టుచున్నాము? అవి కథలో నున్నవా, బయటినుండి తెచ్చినవా?

ఈ ప్రశ్న మన ప్రాంతములో కేవలము సాహిత్యమునకు చెందినది కాదు. ఇక్కడ దూరదేశము అను మాటకు వివరణ అవసరము లేదు. నిజామాబాదు జిల్లాలోని ఈ తట్టు గ్రామములనుండి గల్ఫ్‌కు పోవుట దశాబ్దములుగా సాగుచున్నది. మస్కట్ పోయినను సౌదీ పోయినను "దుబాయి పోయిండు" అనుటయే వాడుక. వీసా కొరకు ఏజెంటుకు కట్టవలసిన సొమ్ము అప్పుగా వచ్చును, లేదా పొలము కుదువబెట్టగా వచ్చును. తమ్ముడు పోవును, అన్న పసుపు చేనిలో మిగులును. పసుపు సుమారు 9 నెలల పంట. తవ్వవలెను, ఉడకబెట్టవలెను, ఎండబెట్టవలెను, నిజామాబాదు మార్కెట్టుకు చేర్చవలెను, వచ్చిన ధరలోనే మిత్తి కట్టవలెను. బోధన్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడిన తరువాత, ఊరిలో మిగిలినవారి కష్టము ఎటువంటిదో ఆ వైపు సంఘములకును తెలియును. తమ్ముడు వట్టి చేతులతో తిరిగివచ్చినపుడు అప్పు తిరిగిపోదు. ఆదివారము చాపమీద కూర్చుండి ఈ ఉపమానమును వినువారిలో ఆ అన్నయు ఉన్నాడు. బోధకుడు ఒక్క నిమిషములో అన్నచేత తమ్ముని కౌగిలింపజేసి ప్రార్థనకు పిలిచినయెడల, ఆ అన్నకు వినబడునది సువార్త కాదు. తన కష్టము ఎవరి లెక్కలోను లేదను మాటయే అతనికి వినబడును.

ముగింపును తూచుటకు మన సంప్రదాయములోనే ఒక త్రాసు ఉన్నది. నాట్యశాస్త్రము నాటక కథను 5 సంధులుగా విభజించినది: ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము. ముఖములో నాటబడిన బీజము, నడుమ చెదరిపోయిన అర్థములు, నిర్వహణములో ఒక్క ప్రయోజనమునకు కూడవలెను. విత్తనము వేయనిచోట ఫలము చూపరాదు, వేసిన విత్తనమును మరచిపోరాదు. (వేదాంత విద్యలో మనకు అరిస్టాటిల్‌ను పరిచయము చేయుదురు గాని భరతుని పేరు అరుదుగా వినబడును. ఎందుకో తెలియదు.) ఈ లెక్కన లూకా ఉపమానము విమర్శ సంధిలోనే నిలిచిపోయినది. నిర్వహణము వ్రాయదలచినవాడు మొదట బీజములను ఏరుకొనవలెను.

మార్కు సువార్త చివర

క్రొత్త ముగింపు వ్రాయుట నేటి నాటికలతో మొదలుకాలేదు. 4వ శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతులలో మార్కు సువార్త 16:8తో ముగియుచున్నది. శ్రేష్ఠమైన ప్రతులు అక్కడనే ఆగుచున్నవని యూసేబియు, జెరోము ఎరిగియుండిరి. అయినను 9 నుండి 20 వరకు గల వచనములు కూడ మిక్కిలి ప్రాచీనమైనవే. 2వ శతాబ్దములోనే ఇరేనియస్ వాటిలోనుండి ఉదహరించెను. మన తెలుగు బైబిలులో వాటిని చదువుచున్నాము, వాటిపై ప్రసంగించుచున్నాము. వాటి ప్రామాణికతను ఇక్కడ చర్చించుట లేదు. ముగింపు కట్టిన తీరు మాత్రమే మనకు కావలెను.

మార్కు నాటిన బీజములేవి? భయము ఒకటి. తుఫాను అణగినపుడు శిష్యులు భయపడిరి (4:41), సేన పట్టినవాడు స్వస్థచిత్తుడైనపుడు ఊరివారు భయపడిరి (5:15), యెరూషలేము మార్గమున వెంబడించువారు భయపడిరి (10:32). మౌనము రెండవది. 1వ అధ్యాయములో కుష్ఠరోగికి ఎవరితోను చెప్పవద్దని ప్రభువు ఆజ్ఞాపించగా అతడు ఊరంతట చాటెను. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి నెరిగిన మన ప్రాంతమువారికి అతడు ఎందుకు ఊరకుండలేకపోయెనో ఊహించుట కష్టము కాదు. 16వ అధ్యాయములో స్త్రీలకు వెళ్లి చెప్పుడని ఆజ్ఞ కాగా వారు ఊరకుండిరి. చెప్పవద్దన్నవాడు చెప్పెను, చెప్పుమన్నవారు చెప్పలేదు. ఈ విపర్యాసమే మార్కు వ్యంగ్యము. మూడవది, 16:7లో దూత పలికిన గలిలయ, పేతురు అను రెండు పేర్లు.

ఇప్పుడు 9-20 వచనములను చూడుడి. అందులో గలిలయ లేదు, పేతురు పేరు లేదు. స్త్రీల భయము ఏమాయెనో చెప్పబడలేదు. పైగా 16:1లోనే పేరు చెప్పబడిన మగ్దలేనే మరియ, అప్పుడే రంగములోనికి వచ్చినట్లు, ఏడు దయ్యములు వదిలిన స్త్రీగా మరల పరిచయము చేయబడినది. పల్లెటూరి దారిని నడచిన ఇద్దరు లూకా 24వ అధ్యాయమును, పాములను పట్టుకొనుట అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో పౌలునకు జరిగినదానిని తలపింపజేయుచున్నవి. ఇది విశ్వాసికి అవసరమైన సంగతుల సంగ్రహము. కాని మార్కు చెప్పుచున్న కథకు నిర్వహణము కాదు. 9-20 వచనములు లేక చిన్న ముగింపు మాత్రమే గల ఒక ప్రాచీన లాటిను ప్రతి ఉన్నది. ఆ చిన్న ముగింపు పేతురును మాత్రము జ్ఞాపకము చేసికొన్నది, గలిలయను మరచినది. ఎవరితోను చెప్పలేదన్న మాట ఆరకముందే స్త్రీలు అంతయు తెలియజెప్పినట్లును వ్రాసినది.

ఇంకొక చిన్న సంగతి. గ్రీకులో 16:8 "ఏలయనగా" అను అర్థమిచ్చు అవ్యయముతో, భయమును చెప్పిన వెంటనే, తెగిపోవుచున్నది. తెలుగు వాక్యములో కారణము ముందు వచ్చి క్రియ చివర నిలుచును గనుక, మన బైబిలులో భయము ముందునకు జరిగి, చెప్పకపోవుట చివరకు వచ్చినది. గ్రీకు చదువరికి ఆఖరున మిగులునది భయము, తెలుగు చదువరికి మిగులునది మౌనము. ఇది తర్జుమాదారుల లోపము కాదు, భాషల స్వభావము. అయినను, ఆఖరి పదము ఏదో నిర్ణయించువాడు కథకు ఎంతోకొంత క్రొత్త ముగింపు వ్రాయుచున్నాడనుటకు ఇది చాలిన సాక్ష్యము.

లూకా ఉంచిన బీజములు

ఉపమానమునకు తిరిగి వచ్చెదము. 15వ అధ్యాయములో 3 కథలు వరుసగా ఉన్నవి. 100 గొఱ్ఱెలలో 1, 10 నాణెములలో 1, 2 కుమారులలో 1. లెక్క తగ్గుచున్నకొలది నష్టము పెరుగుచున్నది. మొదటి రెండు కథలలో ఒకరు వెదకపోవుదురు, దొరికిన తరువాత పొరుగువారిని పిలిచి సంతోషింతురు. మూడవ కథలో వెదకబోయినవాడు ఎవడును లేడు, విందుకు పిలువబడినను రాని ఒకడు ఉన్నాడు. పునరుక్తిచేత మన చెవిని అలవాటు చేసి, మూడవసారి ఆ అలవాటును తెగగొట్టుట ఇక్కడి శిల్పము.

రెండవది ఆస్తి. 12వ వచనములో తండ్రి తన ఆస్తిని చిన్నవానికి మాత్రమే కాదు, వారిద్దరికి పంచిపెట్టెను. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారము జ్యేష్ఠునిది రెండు పాళ్లు. అట్లయిన మిగిలినదంతయు పెద్దవాని వంతు. నాకున్నవన్నియు నీవియేనని తండ్రి 31వ వచనములో చెప్పిన అర్థము ఓదార్పు మాట మాత్రమే కాదు, జరిగిపోయిన పంపకమును జ్ఞాపకము చేయుట. క్రొవ్విన దూడయు ఆ లెక్కన పెద్దవానిదే. గల్ఫ్ అప్పు కట్టుచున్న అన్నకు ఈ వచనము బోధకునికంటె ముందు అర్థమగును.

మూడవది పిలుపులు. పెద్దవాడు తమ్ముని తమ్ముడని పిలువక, తండ్రి కుమారుడని దూరముగా చూపెను. తండ్రి ఆ మాటను మార్చి, నీ తమ్ముడని తిరిగి అతని చేతిలో పెట్టెను. గ్రీకులో అన్నకును తమ్మునికిని ఒకే మాట. తెలుగులో తమ్ముడు అనగానే భారము కూడ వచ్చును. ఇంకను, కథ అంతటను కుమారునికి ఒక మాట వాడిన లూకా, 31వ వచనములో తండ్రి పెద్దవానిని పిలుచునపుడు మాత్రము వేరొక మాట, ఇంకను లేతదైన మాట, వాడెను. మన బైబిలులో రెండింటికిని కుమారుడనియే ఉన్నది. నిజామాబాదు తండ్రి అయితే అక్కడ "బిడ్డా" అనును. నాటిక వ్రాయువారు ఈ ఒక్క మాట మార్చినను ఆ రంగపు శ్రుతి మారిపోవును.

నాలుగవది ధ్వనులు. పెద్దవాడు మొదట విందును చూడలేదు, విన్నాడు. వాద్యములును నాట్యమును వినబడగా దాసుని పిలిచి అడిగెను. ఆ దాసుడు ఒక్కమారు బదులు చెప్పి కథలోనుండి తప్పుకొనుచున్నాడు. ఇతనిని మరువరాదు.

వ్రాయబడిన ముగింపులు

మా ప్రాంతపు నాటికలలో ఎక్కువగా కనబడునది కౌగిలింత. తండ్రి మాట ముగియగానే అన్న ఏడ్చును, తమ్ముడు కాళ్లమీద పడును, కీర్తన మొదలగును. హృదయము మారుట దేవుని కార్యమే. కాని కథలో మార్పునకు బీజము కావలెను. ఒక క్షణము క్రితము సంవత్సరముల లెక్క, మేకపిల్ల లెక్క చెప్పినవాడు, ఆ లెక్కకు బదులు రాకుండగనే కరగిపోయినయెడల అది నిర్వహణము కాదు, తెర దించుట. మరియొక రకములో తండ్రి గుండె పట్టుకొని పడిపోవును, అన్నదమ్ములు శవమునొద్ద కలిసికొందురు. ఇది సినిమానుండి వచ్చినది. అడిగినవానిని చంపివేసి ప్రశ్నను తప్పించుకొనుట. అంతయు అన్న కన్న కలయని ముగించువారును ఉన్నారు. దానిని గూర్చి చెప్పవలసినది లేదు.

లోకప్రసిద్ధమైన రెండు ముగింపులను మాత్రము తప్పక ఎరుగవలెను. అమెరికా బోధకుడు జాన్ మకార్థర్ 2008లో ప్రచురించిన పుస్తకములో, పెద్ద కుమారుడు ఆగ్రహించి కొయ్య తీసికొని తండ్రిని కొట్టి చంపెనని ముగించెను. వినుచున్న పరిసయ్యులు తరువాత చేయబోవు సిలువకార్యము దీనిలో ధ్వనించుచున్నది. బలమైన విపర్యాసమే. శ్రోత ఉలిక్కిపడును. కాని ఆ కొయ్య కథలో ఎక్కడను లేదు, చరిత్రలోనుండి తెచ్చి పెద్దవాని చేతిలో పెట్టబడినది. చరిత్రను తేదలచినయెడల సగమే తేరాదు. అపొస్తలుల కార్యములు 15:5లో విశ్వసించిన పరిసయ్యులు కనబడుచున్నారు. పౌలు పరిసయ్యుడే. కొందరు అన్నలు లోపలికి వచ్చిరి. తండ్రి బతిమాలుట వృథా కాలేదు.

ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ 1907లో వ్రాసినది వేరు. తిరిగివచ్చినవాడు తండ్రితోను, అన్నతోను, తల్లితోను మాటలాడును. చివరకు లూకా చెప్పని మూడవ సోదరుడు, చిన్నవాడు, కనబడును. పందుల కాపరి తెచ్చిన చేదు అడవి దానిమ్మపండు అతనియొద్ద ఉన్నది. ఆ రాత్రియే అతడు ఇల్లు విడిచిపోవును. తిరిగివచ్చిన అన్న దీపము పట్టుకొని, మెట్లు జాగ్రత్తయని చెప్పి సాగనంపును. క్రొత్త పాత్రను తెచ్చుట మేము పైన చెప్పిన నియమమునకు విరుద్ధమే. అయినను ఈ ముగింపు నిలిచినది, ఏలయనగా ఆ పాత్ర చేయునది మొదటి రంగమునకు పునరుక్తి. వెళ్లిపోవుటతో మొదలైన కథ వెళ్లిపోవుటతోనే ముగియుచున్నది. ఇల్లు అనునది ఏమిటో జీద్‌కును మనకును భేదమున్నది. ఆ ఇల్లు అతనికి చెరసాల. పెద్దవాని ప్రశ్నను అతడు విడిచిపెట్టెను. కాని ఆ మూడవవాడు మన ఊళ్లలో కల్పన కాదు. ఒకడు నష్టపోయి తిరిగివచ్చిన ఇంటిలోనే మరియొకడు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుట భీమ్‌గల్ మండలములో ఎవరును ఎరుగని సంగతి కాదు. సువార్త ఆ మూడవవానితో ఏమి చెప్పునో ఎవరైనను వ్రాయదగును.

ఇక మా యువజనులు ఒక కూడికలో వ్రాసినదానిని చెప్పెదము. తండ్రి మాట ముగిసెను. పెద్దవాడు బదులు చెప్పలేదు. లోపల డప్పు ఆగెను. మొదట వార్త చెప్పిన ఆ దాసుడే మరల బయటకు వచ్చి, "అయ్యా, విస్తర్లు ఎన్ని వెయ్యమంటరు?" అని అడిగెను. తండ్రి ఏమియు అనక పెద్దవాని వైపు చూచెను.

ఇందులో బయటినుండి తెచ్చినది ఒక్కటియు లేదు. దాసుడు లూకావాడే, విందు లూకాదే. ఎన్ని అను ప్రశ్నలో 100, 10, 2 అను లెక్క మరల వినబడుచున్నది. వాద్యము వినబడుటతో మొదలైన కోపము, వాద్యము ఆగిన నిశ్శబ్దములో నిలిచినది. మన అలంకారికులు ధ్వని అన్నది ఇదియే. గురజాడ 1910లో ప్రచురించిన "దిద్దుబాటు" కథలో భర్త బుద్ధి తెచ్చుకొనుటను బోధించి ముగించలేదు, మంచము క్రిందనుండి భార్య నవ్వును గాజుల చప్పుడును వినిపించి ముగించెను. ఆమె కనబడకయే ఉన్నదని తెలిసినది. మా పిల్లలు ఆ కథను చదివిరో లేదో గాని పద్ధతి అదే. యోనా గ్రంథము ప్రశ్నతో ముగియుట మాత్రము వారు ఎరుగుదురు. ఆ నెలలో మేము యోనాయే బోధించుచుంటిమి.

అయితే వారు అక్కడ ఆగలేదు. రెండవ ప్రతిలో పెద్దవాడు దాసునితో "నాది ఈడికే తే" అనును. వెంటనే తండ్రి "రెండు తే" అనును, అని అక్కడనే అరుగుమీద కూర్చుండును. మొదట మాకు ఇది అవసరమా అనిపించినది, ప్రశ్నతో ఆగుటయే మేలు గదా అని. కాని 28వ వచనమును మరల చదువుడి. తండ్రి విందును విడిచి బయటకు వచ్చెను. తిరిగి లోపలికి పోయెనని లూకా వ్రాయలేదు. పెద్ద కుమారుడు బయట నిలిచెనని అందరము చెప్పుచున్నాము గాని, కథ ఆగినపుడు తండ్రియు బయటనే ఉన్నాడను సంగతిని వ్యాఖ్యానములలో మేము అరుదుగా చూచితిమి. ఆ ఒక్క మాటతో పిల్లలు దానిని చూపిరి. పెద్దవాడు లోపలికి పోలేదు, అయినను తండ్రితో భోజనము చేయుచున్నాడు. చిన్నవానికొరకు పరుగెత్తినవాడు పెద్దవానికొరకు కూర్చుండెను.

దీనిలో చిక్కు లేకపోలేదు. విందు చేసిన యజమానుడు బయట కూర్చుండినయెడల లోపల చిన్నవాని సంగతి ఏమి? కొత్త వస్త్రము, ఉంగరము ధరించి, తండ్రి కొరకు గుమ్మము వైపు చూచుచుండును. ఒక చిక్కు విప్పిన ముగింపు ఇంకొకటి వేసినది. మంచి ముగింపులకు ఈ గుణము ఉండును గనుక దీనిని దోషముగా ఎంచము. తల్లి ఎక్కడ అని నాటిక చూచిన బీడీలు చుట్టు తల్లులు అడిగిరి. జీద్ కూడ అదే అడిగి తల్లికి ఒక రంగము వ్రాసెను. లూకాలో మాత్రము ఆమె జాడ లేదు, ఆమెను తెచ్చుటకు బీజము ఏదో మాకు ఇంకను దొరకలేదు.

ఆ రెండవ ప్రతిలో ఆఖరి మాట పెద్దవానిది. విస్తరి ముందు కూర్చుండి అతడు, "బాపూ, బువ్వ తిన్నంక లెక్క జూద్దాం" అనును. కృపా విందులో లెక్క యేమిటి, ఆ మాట తీసివేయవలెనని కొందరు కాపరులు కోరిరి. ఉంచవలెనని మేమంటిమి. లెక్కను ఆ పిల్లలు తేలేదు. ఇన్ని యేండ్లు సేవించితినని, ఒక్క మేకపిల్లనైన ఇయ్యలేదని ఆ కుమారుడే 29వ వచనములో తెచ్చెను. తండ్రి అతనిని గద్దించలేదు, లెక్క తప్పనలేదు, పంపకమును జ్ఞాపకము చేసెను. తమ్ముని వీసా అప్పుకు మిత్తి కట్టుచున్నవాడు ఆ మాటను సంఘములో పైకి అనగలిగిన చోటు ఇంకెక్కడను లేదు. నాటిక ఆడిన రాత్రి ఆ మాట వచ్చినపుడు వెనుక వరుసలోని మగవారు కొందరు నవ్విరి, కొందరు తల వంచుకొనిరి. ఈ సంవత్సరము కూడ ఆ మాట ఉంచియే ఆడుదురు.